వేడిగా ఉండవలసిన గది

భూగోళం వేడెక్కుతోందన్న సంగతి ఎట్టకేలకు పాఠశాలల సహకార విభాగం దృష్టికి వచ్చింది. వచ్చాక విభాగం చేతులు ముడుచుకుని కూర్చోలేదు, సమావేశమైంది. ఇకమీదట ఏ పాఠశాలా ఒంటరిగా చల్లబడరాదని తీర్మానించింది. చల్లబడదలచిన పాఠశాల కనీసం మరొక పాఠశాలతో చేతులు కలిపి, విద్యార్థుల భాగస్వామ్యంతో, ముందస్తు అనుమతి పొంది మాత్రమే చల్లబడవలెను. (ఒంటరిగా వేడెక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ స్వేచ్ఛ జోలికి విభాగం ఏనాడూ పోలేదు.)

దీని వెనకున్న ఆలోచన గొప్పది, కాదనడానికి లేదు. రేపటి భూమికి హైస్కూలు పిల్లలే వారసులు కాబట్టి, ఒక బడి పిల్లలు ఇంకో బడి పిల్లలతో కలిస్తే వాతావరణానికి బుద్ధి వస్తుందని పెద్దలు నమ్మారు. ప్రతి బడికీ ఒక జోడీ బడిని చూసి ముడిపెట్టడానికి ఒక కార్యాలయం, ముడి బిగిసిందో లేదో లాగి చూడటానికి ఇంకో కార్యాలయం వెలిశాయి. కలిసిన పిల్లలు ఏం చేయాలన్నది మాత్రం ఉత్తర్వులో లేదు. దాన్ని పిల్లల సృజనకే వదిలేశారు, ఆ సృజనకు ముందుగా ఆమోదం తీసుకోవాలన్న షరతు మీద.

ఆ ఉత్తర్వు అందుకున్నవాటిలో కాలువ పక్క బడి ఒకటి. పిల్లలకు పక్కా గదులు చాలక, ఒకప్పుడు అక్కడ పెరటివైపు ఇనుప కమ్మీల మీద రేకులు పరిచి పొడవాటి గది ఒకటి కట్టారు. తాత్కాలికం అన్నారు. ఆ మాట అన్న హెడ్మాస్టారు రిటైరయ్యారు, ఆయన తర్వాత వచ్చినాయనా రిటైరయ్యారు, గది మాత్రం ఇప్పటికీ తాత్కాలికంగానే ఉంది. ఎండలు ముదిరితే మధ్యాహ్నం పూట ఆ గదిలో పాఠం చెప్పే టీచరు గుమ్మంలో నిలబడి చెబుతుంది. వినే పిల్లలకు గుమ్మం లేదు, లోపలే కూర్చుని వినాలి.

ఆ బడిలో పదో తరగతి చదివే ఒక పిల్లను అందరూ లాయరు అంటారు. చిన్నప్పుడు ఎవరో చేసిన అల్లరికి తనతో గోడకుర్చీ వేయించిన టీచరును, సాక్షులను వెంటబెట్టుకెళ్ళి మరీ క్షమాపణ అడిగిన పిల్ల ఇది. అప్పటినుంచి ఆ పేరు అంటుకుపోయింది. లాయరు పక్కా గదిలోనే కూర్చుంటుంది. రేకుల గదిలో కూర్చునేది దాని చెల్లెలు, ఆరో తరగతి. ఎండ పైకెక్కిన రోజుల్లో ఆ పిల్లకు ముక్కు నుంచి రక్తం కారుతుంది. డాక్టరుకు చూపిస్తే వేడి తగలనివ్వకండని చెప్పాడు. తల్లి సరేనని తలూపి, మర్నాడు మళ్ళీ రేకుల గదికే పంపింది. తల్లి ఇంట్లో బట్టలు కుట్టి పిల్లల్ని చదివిస్తుంది, ఇంకో బడికి పంపే తాహతు ఆమెకు లేదు.

ఇక ఈ ఇంటి మేడమీద లాయరు మేనమామ కాపురం. ఆయనకు రంగుల కొట్టుంది. ఆయన కూతురు లాయరు కంటే కాస్త పెద్దదవడంతో లాయరుకు వదిన, గుట్ట మీది ప్రైవేటు స్కూల్లో పదో తరగతి. తెల్ల కప్పు ఎండను వెనక్కి కొడుతుందని ఎక్కడో చదివి, వదిన తండ్రిని పోరి పోరి మేడ కప్పులో సగానికి తెల్లరంగు వేయించింది. ఏ సగం చల్లగా ఉందో కొలవడానికి ఇంకే పరికరమూ అవసరం పడలేదు, వీధి పిల్లి ఆ సగానికి మకాం మార్చింది. అది చూసిన లాయరు బుర్రలో వెలుగు వెలిగింది. కొట్లో మూతలు తుప్పుపట్టి ఎవరూ కొనని తెల్లరంగు డబ్బాలు ఓ వరస నిండా ఉన్నాయి.

"ఆదివారం పొద్దున్నే ఎక్కుతా, మధ్యాహ్నం అన్నానికి దిగుతా. దీనికి ఇంత సీనెందుకే," అన్నాడు మామయ్య, ఆ రంగు రేకుల గది కప్పుకి వేయమని లాయరు బతిమాలితే.

లాయరు మర్నాడే హెడ్మాస్టారు గదికి వెళ్ళింది. హెడ్మాస్టారు మంచివారు. ఎంత మంచివారంటే తన హయాంలో బడిలో చెడు జరగనివ్వలేదు, ఆ జాగ్రత్తలో మంచి కూడా జరగనివ్వలేదు.

"సార్, ఆదివారం మా మామయ్య వచ్చి రేకులకి తెల్లరంగేస్తాడు. ఖర్చేం లేదు. మీరు గేటు తాళం తీయిస్తే చాలు."

"దాందేముందమ్మా, వేసుకోండి. ఇంతకీ ఎందుకు వేస్తున్నారు?"

"గది చల్లబడ్డానికి సార్."

హెడ్మాస్టారు మొహం వాడిపోయింది. సొరుగు లాగి ఉత్తర్వు బయటికి తీశారు.

"అదే వచ్చింది చిక్కు. అందానికని చెప్పుంటే ఈపాటికి తాళం తీయించేవాణ్ణి."

"అయితే అందానికే సార్."

"ఇప్పుడు నాకు తెలిసిపోయింది కదా తల్లీ."

లాయరు డీలాపడలేదు. రెండు బళ్ళు కలవాలన్నారు, అంతేగా. ఒక బళ్ళో తనుంది, ఇంకో బళ్ళో వదినుంది. ఇంతకంటే కలిసిపోయిన బళ్ళు ఎక్కడ దొరుకుతాయి అనుకుంది. ఇద్దరూ మేడమెట్ల మీద కూర్చుని దరఖాస్తు రాసి, రెండు బళ్ళ సంతకాలూ పెట్టించి పంపారు. ఆ దరఖాస్తు చూసి విభాగం మురిసిపోయింది. ఎందుకంటే అప్పటిదాకా ఒక్క బడీ మరో బడితో కలవడానికి ముందుకు రాలేదు, విభాగానికి పని లేక ఉద్యోగులు ఒకరితో ఒకరు సహకరించుకుంటూ కాలం గడుపుతున్నారు.

అలా వాళ్ళ జీవితాల్లోకి సహకార సమన్వయాధికారి ప్రవేశించాడు. చెరగని నవ్వు, ఆకుపచ్చ చొక్కా, చేతిలో ఎప్పుడూ మెరిసే ట్యాబు. పిల్లలు ఏమడిగినా "చాలా మంచి ప్రశ్న" అని మెచ్చుకుని ఇంకో విషయంలోకి వెళ్ళిపోయేవాడు. వదిన ఆయనకు మంచిప్రశ్న సారు అని పేరు పెట్టింది. అది రెండు బళ్ళలోనూ ఒక్కరోజులో పాకిపోయింది. (ఉత్తర్వు వచ్చాక ఉభయ పాఠశాలల విద్యార్థులు ఏకాభిప్రాయంతో సాధించిన మొదటి ఫలితం ఇదేనని న్యాయంగా ఒప్పుకోవాలి.)

పరిచయ సమావేశం గుట్ట మీది స్కూలు హాల్లో జరిగింది. భూతాపం మీద గంభీరోపన్యాసం. హాల్లో ఏసీ ఎంత బాగా పనిచేస్తోందంటే, అలవాటున్న గుట్ట పిల్లలు స్వెట్టర్లు తెచ్చుకున్నారు, అలవాటు లేని కాలువ పిల్లలు చేతులు చంకల్లో పెట్టుకుని వణికారు. వేడెక్కే భూమి గురించి పళ్ళు టకటకలాడుతుండగా విన్నారు. రేకుల గది తరఫు ప్రతినిధిగా లాయరు తన చెల్లెల్ని కూడా తీసుకెళ్ళింది. అది వణుకుతూనే అక్క చెవిలో, "ఇక్కడే ఉండిపోదామా అక్కా," అంది. "మన గదే ఇలా అయిపోతుందిలే," అని లాయరు చెల్లెలి చెయ్యి నొక్కింది. ఆ మాట ఇచ్చేటప్పుడు దానికి ఎంత నమ్మకముందో తలచుకుంటే, విభాగం మీద ఒళ్ళు మండిపోతుంది ఇప్పటికీ.

ముందుగా ప్రాజెక్టుకు గుర్తు కావాలన్నారు. భూమిని పట్టుకున్న రెండు చేతుల బొమ్మ వేశారు. ఏ బడి చెయ్యి పైన ఉండాలన్నది తేలేసరికి చలికాలం వెళ్ళిపోయింది. చివరికి రెండు చేతులూ పక్కపక్కన పెట్టాలని రాజీ కుదిరింది. అలా పెడితే భూమిని ఎవరూ పట్టుకోవడం లేదు, అది గాల్లో ఉంది. ఎవరికీ అది తప్పనిపించలేదు.

తర్వాత యాప్ వచ్చింది. దాని పేరు చేతిలో చెయ్యి. జోడీ బళ్ళ పిల్లలు ఏం మాట్లాడుకోవాలన్నా అందులోనే మాట్లాడుకోవాలి. రాసిన ప్రతి మాటా విభాగం చదివి, ఆమోదించాకే అవతలివాళ్ళకు చేరుతుంది. బయట మాట్లాడుకుంటే అది అనధికార సహకారం కిందికి వస్తుంది, లెక్కలోకి రాదు. లాయరూ వదినా ఒకే ఇంట్లో ఉంటారని, రాత్రి అన్నాలు ఒకే చోట తింటారని చెబితే మంచిప్రశ్న సారు కాసేపు ఆలోచించాడు.

"ఇంట్లో మీరు బంధువులమ్మా. బంధువుల సహకారం మా పరిధిలోకి రాదు," అన్నాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో అన్నాల వేళ చిత్రమైన దృశ్యం కనబడేది. ఒకే చాప మీద ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు పిల్లలు ఎడంచేత్తో ఫోను నొక్కుకుంటూ ఉండేవారు. లాయరు ఒకరోజు "నిచ్చెన ఉందా?" అని రాసింది. ఆ మాట వారం తిరిగాక, "నిచ్చెన భద్రతకు సంబంధించిన పదం, జాగ్రత్తగా వాడగలరు" అన్న హితవుతో వదినకు చేరింది. "ఉందే, నువ్వు రోజూ తువ్వాలు ఆరేసేది దానిమీదే" అని వదిన జవాబు రాసింది. వ్యక్తిగత సమాచారం బయటపెట్టినందుకు ఆ జవాబును తీసేశారు. అయినా యాప్‌లో ఇద్దరికీ చిగురు స్థాయి దక్కింది. చిగురు తర్వాత మొక్క, మొక్క తర్వాత మాను వస్తాయట.

"మీ ఇద్దరికీ పిచ్చిగానీ పట్టిందా? నోళ్ళు లేవా?" అంది లాయరు తల్లి కూర వడ్డిస్తూ.

"నోటితో మాట్లాడితే చెల్లదత్తయ్యా," అంది వదిన.

ఎండలు మొదలయ్యాయి. చెల్లెలికి రక్తం కారడం మొదలైంది. లాయరు రోజూ విభాగానికి ఫోన్ చేసి ఎప్పుడు రంగేస్తామని అడిగేది. ముందు కొలవాలన్నారు. కొలవకుండా చల్లబరిస్తే ఎంత చల్లబడిందో ఎలా తెలుస్తుంది? ఇది లాయరుకూ సబబుగానే తోచింది. కొలతల నిపుణుడు ఒకాయన పెట్టె మోసుకొచ్చి రేకుల గదిలో ఒక పరికరం బిగించాడు. గాలి ఆడితే కొలత చెడుతుందని కిటికీలు మూయించాడు. పిల్లలు పుస్తకాలతో విసురుకుంటూ ఉంటే, అలా విసురుకోవడం శాస్త్రానికి ద్రోహమని నెమ్మదిగా నచ్చజెప్పి వెళ్ళాడు.

కొలతయ్యాక అసలు సమావేశం పెట్టారు. అందులో మంచిప్రశ్న సారు శాస్త్రీయ పద్ధతిని వివరించాడు. రెండు బళ్ళలో ఒకదానిలోనే మార్పు చేయాలి. రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఉంచాలి. అప్పుడే పోల్చి చూడటానికి వీలవుతుంది. మార్పు జరిగే బడిగా గుట్ట మీది స్కూలును ఎంపిక చేసినట్టు సంతోషంగా ప్రకటించాడు. గుట్ట మీది పిల్లలు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టారు. వదిన మాత్రం కొట్టలేదు. లాయరు లేచి నిలబడింది.

"సార్, వాళ్ళకి ఏసీలున్నాయి. పైన స్లాబుంది. క్లాసుల మీద ఇంకో అంతస్తు కూడా ఉంది."

"చాలా మంచి ప్రశ్న."

"ప్రశ్న కాదు సార్. చెబుతున్నా."

"చూడమ్మా, పని పిల్లల భాగస్వామ్యంతో జరగాలి. పిల్లలు కప్పు మీదికెక్కాలంటే పిట్టగోడ ఉండాలి. ఎక్కడానికి లిఫ్టు, ఫోటో తీసుకోవడానికి చోటు ఉండాలి. ఇవన్నీ అక్కడున్నాయి. మీ రేకుల మీద ఏమున్నాయి చెప్పు?"

"ఎండుంది సార్."

"అదే నేనూ అంటున్నా. ఆ ఎండే లేకపోతే ఈ ప్రాజెక్టే లేదు. మీది పోలిక గదమ్మా. మీ వల్లే ఇదంతా," అన్నాడాయన, మనస్ఫూర్తిగా.

గుట్ట మీది స్కూలు మేడ మీద ఉత్సవంలా రంగు వేశారు. పిల్లలకు టోపీలిచ్చారు. తలా ఒక కుంచె పట్టుకుని, తలా ఒక గీత గీసి, తలా ఒక ఫోటో దిగి కిందికి వచ్చేశారు. మిగతాది కూలివాళ్ళు పూర్తిచేశారు. ఆ తర్వాత నిపుణుడు లోపలి వేడి కొలిచాడు. ఏసీ గదులు కదా, రంగుకు ముందు ఎంతుందో తర్వాతా అంతే ఉంది. విభాగానికి గుండె జారిపోయింది. ఇంత సహకారం జరిగి ఫలితం సున్నా అని ఎలా రాసేది?

అప్పుడు నిపుణుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. గుట్ట మీది గదికీ రేకుల గదికీ మధ్య తేడా తీశాడు. ఆ తేడా ఎంత ఉందంటే, నమ్మలేక మళ్ళీ తీసివేత చేసి చూసుకున్నాడు. తెల్లరంగు వేసిన బడి, వేయని బడి కంటే అంత చల్లగా ఉందన్నమాట. విభాగంలో మిఠాయిలు పంచారు. ఒక్కరోజులో రేకుల గది దశ తిరిగిపోయింది. అది ఎంత వేడెక్కితే ప్రాజెక్టు అంత విజయం సాధించినట్టు. కాబట్టి దాని వేడిని కాపాడుకోవలసిన బాధ్యత అందరి మీదా పడింది. గుమ్మం పక్క మంచినీళ్ళ కుండను పక్కా గదుల వైపుకు మార్చారు. టీచరు సొంత డబ్బుతో కొన్న కిటికీ తెరలు విప్పించారు. రేకుల మీదికి వాలిన చెట్టుకొమ్మ ఫలితాలను ప్రభావితం చేస్తోందని గమనించి కొట్టించారు. (పర్యావరణ ప్రాజెక్టులో చెట్టుకొమ్మ కొట్టరాదన్న నిబంధన ఉంది. అందుకని దాన్ని కొట్టినట్టు కాకుండా, ప్రాజెక్టు పరిధి నుంచి తొలగించినట్టు నమోదు చేశారు.)

ఆ వారమే చెల్లెలు తరగతిలో పడిపోయింది. ముక్కు నుంచి కారిన రక్తంతో చొక్కా ముందంతా తడిసిపోయింది. లాయరు పక్కా గదినుంచి పరుగెత్తుకొచ్చి దాన్ని బయట నీడలో పడుకోబెట్టి, తన ఓణీ తడిపి నుదుటి మీద వేసింది. చెల్లెలు కళ్ళు తెరిచి, "చొక్కా పాడైంది, అమ్మ తిడుతుందా?" అనడిగింది. లాయరుకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. ఏది ముందు రావాలో తెలియక రెండూ లోపలే ఉండిపోయాయి. ఆ మధ్యాహ్నమే విభాగానికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. అవతల ఎవరో చాలా శ్రద్ధగా విని, వేడికి విద్యార్థుల స్పందన కింద దాన్ని రాసుకున్నామనీ, ఇటువంటి వివరాలు ఇకముందూ పంపుతూ ఉండమనీ కోరారు.

లాయరు ఫోన్ పెట్టేసి తిన్నగా మేడెక్కింది.

"వదినా, యాప్ సంగతి వదిలెయ్. మీ క్లాసులో నోటితో చెప్పు."

"ఏమని చెప్పమంటావు?"

"ఆదివారం రమ్మని చెప్పు. బకెట్లు తెచ్చుకోమను."

వచ్చారు. గుట్ట మీది పిల్లలు, కాలువ పక్క పిల్లలు, ఎవరు ఏ బడో చెప్పలేనంతగా కలగలిసిపోయి వచ్చారు. గేటు తాళం ఎవరు తీశారో ఎవరికీ తెలియదు. (హెడ్మాస్టారు ముందురోజు సాయంత్రం తాళంచెవి బల్ల మీద మరిచిపోయి వెళ్ళారు. ఆయన ఉద్యోగ జీవితంలో అదొక్కటే మతిమరుపు. అందుకు ఆయనకు నా దండం.) మామయ్య రేకుల మీద పలకలు అడ్డంగా వేసుకుని, వాటి మీద నడుస్తూ రంగు వేశాడు. పిల్లలు కింద బకెట్లు అందించారు, దుమ్ము కడిగారు, డబ్బాల్లో గడ్డకట్టిన రంగును కర్రలతో కలిపారు. ఒకళ్ళ మొహాలకు ఒకళ్ళు పూసుకున్నారు. ఉపన్యాసం లేదు, టోపీలు లేవు, ఫోటో తీయాలని ఎవరికీ తట్టలేదు. మధ్యాహ్నం అన్నానికి మామయ్య దిగేశాడు, అన్నట్టే.

ఆ వారమంతా రేకుల గదిలో టీచరు లోపల నిలబడి పాఠం చెప్పింది. చెల్లెలు ఒక్కరోజు కూడా మానలేదు. ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ భిన్నాల లెక్కలు వచ్చేశాయని, కావాలంటే అడగమని అక్క వెంటబడింది. లాయరు దారిపొడుగునా అడిగింది. అన్నీ తప్పులే చెప్పింది. లాయరుకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు.

ఇక విభాగంలో హాహాకారాలు. పరికరం పంపే కొలత కిందికి పడిపోయింది. రెండు బళ్ళ మధ్య తేడా రోజురోజుకీ తరిగిపోతోంది, అంటే ప్రాజెక్టు విఫలమవుతోందన్నమాట. పరికరం చెడిందని కొత్తది బిగించారు. కొత్తదీ అదే చెప్పింది. అప్పుడు ఎవరో తలెత్తి కప్పు చూశారు. అనధికార చల్లదనం మీద విచారణకు ఆదేశమైంది. లాయరునూ వదిననూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి, మంచిప్రశ్న సారు ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు నవ్వు కొంచెం వెలిసిపోయి ఉంది.

"మీరిద్దరూ కలిసే చేశారా ఇది?"

"మేమిద్దరమే కాదు సార్. రెండు బళ్ళవాళ్ళం కలిసి చేశాం," అంది లాయరు.

"రెండు బళ్ళవాళ్ళూనా?"

"ఆఁ."

"ఎవరు కలవమన్నారమ్మా మిమ్మల్ని?"

గోడ మీద రెండు చేతులూ, గాల్లో భూమీ ఉన్న గుర్తు వేలాడుతోంది. దాని కిందే కూర్చుని ఆయన అడిగాడు ఆ మాట, చాలా నిజాయితీగా.

"మా చెల్లికి రక్తం కారుతుండేది సార్. ఈ వారం కారలేదు," అంది లాయరు.

"నాకూ పిల్లలున్నారమ్మా, నాకు తెలీదా? కానీ ఇది నీ ఒక్క చెల్లెలి విషయం కాదు. మొత్తం భూమి విషయం," అన్నాడాయన.

పూర్వస్థితి పునరుద్ధరణ పనులు ఆ వారంలోనే జరిగాయి. అప్పటిదాకా అనుమతులకు పట్టిన కాలం చూసినవాళ్ళు ఈ వేగానికి ముక్కున వేలేసుకున్నారు. రేకులకు మునుపటి తుప్పు రంగు వేయాలి. దానికి దగ్గరగా ఉన్నది ముదురు గోధుమ రంగేనని నిపుణుడు తేల్చాడు. దగ్గర్లో రంగుల కొట్టు ఒక్కటే ఉంది. మామయ్య సరుకుకి వెళ్ళిన పూట విభాగం మనిషి వచ్చి డబ్బాలు అడిగాడు, కొట్లో కూర్చున్న ఆయన భార్య, అంటే లాయరు అత్తయ్య, ఎవరికో ఏమిటో తెలియక ఇచ్చేసింది. ఆ రాత్రి సంగతి తెలిశాక ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అత్తయ్య చాలాసేపు ఎవరి మొహమూ చూడలేకపోయింది. ముదురు రంగు పడ్డాక రేకుల గది మునుపటికంటే వేడెక్కింది. తేడా పెరిగింది. విభాగం ఊపిరి పీల్చుకుంది.

చెల్లెలు మళ్ళీ పడిపోయింది. ఈసారి డాక్టరు కోప్పడ్డాడు. వదిన తమ ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికెళ్ళి, ఎండలు తగ్గేదాకా పిల్లని మన క్లాసులో ఒక మూల కూర్చోనివ్వండి, మనం జోడీ బళ్ళమే కదా అని బతిమాలింది. మేడమ్ చాలా బాధపడింది. పోలిక గదిలో ఉండవలసిన పిల్ల మార్పు జరిగిన గదిలో కూర్చుంటే రెండు గదులూ కలగలిసిపోయి లెక్కంతా తారుమారవుతుందని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పింది.

ఆ సాయంత్రం తల్లి మిషను ఆపి, చెల్లెలి పుస్తకాల సంచి మేకుకు తగిలించింది.

"ఇంక పంపను. పిల్ల బతికుంటే చదువు తర్వాత చూసుకోవచ్చు."

"పరీక్షలున్నాయమ్మా," అంది లాయరు.

"ఉంటే ఉండనీ."

తల్లి మాటే నిజం. దాంతో లాయరుకు మొదటిసారి తన మీద తనకే అసహ్యం వేసింది, రంగు అందానికని హెడ్మాస్టారుతో ముందే చెప్పి ఉంటే సరిపోయేదని.

ఏడాది చివర సహకార దినోత్సవం ఘనంగా జరిగింది. గుట్ట మీది స్కూలుకు ఉత్తమ చల్లదనపు బహుమతి వచ్చింది. కాలువ పక్క బడికి స్థిరమైన పోలికకు జ్ఞాపిక ఇచ్చారు. హెడ్మాస్టారు రెండు చేతులతో అందుకుని, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. తర్వాత మంచిప్రశ్న సారు వార్షిక నివేదిక చదివాడు. అందులో అన్నిటికంటే పెద్ద విజయంగా ఒక వాక్యం ఉంది. ప్రాజెక్టు రెండో భాగంలో రేకుల గదిలో ముక్కు నుంచి రక్తం కారిన ఘటన ఒక్కటీ నమోదు కాలేదని, దీన్నిబట్టి విద్యార్థులు వేడికి విజయవంతంగా అలవాటు పడ్డారని. హాలంతా చప్పట్లు.

లాయరు వెనక వరసలోంచి లేచింది. చప్పట్లు ఆగేదాకా నిలబడి అంది.

"అలవాటు పడలేదు సార్. రక్తం కారే పిల్ల బడి మానేసింది. అది మా చెల్లి."

మంచిప్రశ్న సారు మొహంలో నవ్వు పోయింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నివేదికలో తప్పు దొర్లినందుకు సభాముఖంగా విచారం వెలిబుచ్చి, అప్పటికప్పుడే ట్యాబులో సవరిస్తానని మాటిచ్చాడు. ఇచ్చిన మాట తప్పలేదు. మర్నాడు ఆ సవరించిన నివేదిక రెండు బళ్ళకూ అందింది. ఆ వాక్యం పక్కన ఇంకో వాక్యం చేరింది: సదరు విద్యార్థిని ప్రస్తుతం ఇంటి నుంచే సహకరిస్తున్నది.